ఏ దళమో ఇంకనూ తేల్చుకొనలేదు

మా అమ్మాయి ప్రభుత్వానికి లొంగిపోయిన రోజున మా ఇంట్లో వంకాయలు తరుక్కోవడానికి కత్తిపీట లేకపోయింది. ఆ రెండింటికీ సంబంధం ఉంది. రెండింటికీ కారణం నేనే.

మాది రేగుంట. నేను ఇక్కడి హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన సమ్మయ్య బస్సు డిపోలో మెకానిక్. మాతోపాటు మా అత్తమ్మ లచ్చవ్వ ఉంటుంది. మా ఒక్కగానొక్క కూతురు స్రవంతి రెండేళ్లు ఇంట్లో కూర్చుని డాక్టరు చదువుకు పరీక్షలు రాసింది. రెండుసార్లూ సీటు అంగుళం దూరంలో జారిపోయింది. మూడోసారి రాయనని పుస్తకాలన్నీ మూటగట్టి అటకెక్కించింది.

అట్లాంటి సమయంలో అది ఆ మార్కులతోనే ఇంటర్వ్యూకు వెళ్లొచ్చిన, ఎక్కడో పడమటి దిక్కున ఉన్న ఒక రక్షణ వైద్య విద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఐదేళ్ల డాక్టరు చదువు, హాస్టలు, తిండి, బట్టలు అన్నీ వాళ్లవే. చదువయ్యాక సైన్యంలోనో, నౌకాదళంలోనో, వైమానిక దళంలోనో ఏడేళ్లు డాక్టరుగా పనిచేయాలి. ఏదన్నది మనమే కోరుకోవచ్చు. ఫారంలో దానికి ‘బ్రాంచి’ అని ఒక గడి ఉంది. ఆ గడి నింపి, తహసీల్దారు ధ్రువపత్రం ఒకటి, పోలీసు ధ్రువపత్రం ఒకటి జతచేసి జూలై ఇరవై లోగా పంపాలి. లేకపోతే సీటు వెనక వరసలో ఉన్నవాళ్లకు పోతుంది.

గడి చిన్నదే. అందులో మా ఇల్లంతా ఇరుక్కుంది.

“ఓడ రాయి బిడ్డా,” అన్నాడు మా ఆయన. “ఓడ ఇంజను ముందట మా బస్సు ఇంజనెంత? నేను సెలవు పెట్టుకొని వచ్చి చూసిపోత.”

“బాపు, నేను పోయేది రోగుల్ని చూడనీకి.”

“రోగులు యాడనైన ఉంటరు. అసొంటి ఇంజను యాడ దొరుకుతది?”

మా అత్తమ్మ చాటలో బియ్యం చెరుగుతూ అంది: “ఈ పిల్ల కరీంనగర్ బస్సెక్కితే రెండు మాట్లు కక్కుతది. ఓడెక్కిస్తే సముద్రం నిండుతది.”

“పోనీ మిలిట్రీ రాయమందామా అత్తమ్మా?”

“మంచుల నిలవడాలె. దీనికి పంకా కిందనే పడిశం.”

“విమానం?”

“విమానానికి కింద ఏముంటది? ఏం ఉండది. నాకు నచ్చలే.”

స్రవంతి మాత్రం శాస్త్రీయంగా వెళ్లింది. నోటుబుక్కులో మూడు గీతలు కొట్టి, ఒక్కో దానికి మార్కులు వేసింది. ఆ వారంలో అది సోమవారం సైన్యంలో, బుధవారం ఆకాశంలో, శుక్రవారం సముద్రంలో ఉద్యోగం చేసింది. ఆదివారం నాడు మూడింటికీ సమానంగా మార్కులొచ్చాయి. “ఆఖర్న నింపుతనే. గడి యాడికి పోతది?” అని నోటుబుక్కు మూసేసింది. ముందు ధ్రువపత్రాలు తెచ్చుకుందామని నేనూ సరేనన్నాను.

ఆ రోజుల్లోనే మా మండలాఫీసులో తెలుగు అమలు పక్షోత్సవాలు నడుస్తున్నాయి. తహసీల్దారు పరాంకుశం గారు పట్టుదల మనిషి. పదిహేను రోజులపాటు ఆఫీసు గడప లోపల ఒక్క ఇంగ్లీషు మాట వినపడకూడదని ఉత్తర్వు ఇచ్చారు. కరెంటు పోతే అటెండరు వచ్చి “విద్యుత్తు నిష్క్రమించినది” అని చెప్పాలి. ఆఫీసులో ఎవరికీ ఫ్యానుకు తెలుగు తెలియక ఉక్కపోతలో కూర్చున్నారు. పక్షోత్సవాలకు భాషా సలహాదారుగా నన్ను వేసి, శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ మా బీరువాలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా తలుపు వేసేస్తాను.

మా ధ్రువపత్రం దగ్గరికి వచ్చేసరికి ఆయన కలం ఆగింది.

“అమ్మా, ఇచ్చట ‘బ్రాంచి’ అని ఉన్నది. ఇది పరభాషా పదము. దీనికి మన పదమేమి?”

“బ్యాంకుకైతే శాఖ అంటం సార్.”

“సైనిక విషయమున?”

“దళం సార్,” అన్నాను. అనేటప్పుడు నాకు గర్వంగా కూడా ఉండింది.

“అహో! ఎంత పొదుపైన మాట. మీ వంటివారు ఉండుట మండలము చేసుకున్న అదృష్టము. మరి మీ కుమార్తె ఏ దళము కోరుకున్నది?”

“ఇంకా తేల్చుకోలేదు సార్. మూడు చూస్తున్నది.”

“తేల్చుకొననిది నేను తేల్చి వ్రాయరాదు. ఉన్నది ఉన్నట్లు వ్రాసెదను.”

ఉన్నది ఉన్నట్లే రాశారు. “రేగుంట వాస్తవ్యుడు గుండేటి సమ్మయ్య కుమార్తె స్రవంతి, వయస్సు పంతొమ్మిది, దళములో చేరుటకు స్వచ్చందముగా ముందుకు వచ్చినది. ఏ దళమో ఇంకనూ తేల్చుకొనలేదు. దూర ప్రాంతమున ఐదేండ్లు శిక్షణ పొంది, తదుపరి ఎచ్చటికి పంపినను వెళ్లుటకు సిద్ధముగా ఉన్నది. ఇందులకు కుటుంబ సభ్యుల సంపూర్ణ మద్దతు కలదు.” కింద గుండ్రటి ముద్ర.

నేను రెండుసార్లు చదివాను. ‘స్వచ్ఛంద’లో వత్తు తప్పు పడింది. అది మాత్రం దిద్దించాను.

నాలుగు రోజులకు హెడ్ కానిస్టేబుల్ కొమురయ్య మోపెడ్ మీద మా ఇంటికి వచ్చాడు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఎటో చూస్తూ అన్నాడు: “ఏం లేదు మేడం. ఎస్సై సార్ పిలుస్తుండు. బిడ్డను తోల్కరమ్మన్నడు. ఇంట్ల వాళ్లను గూడ.”

పోలీసు ధ్రువపత్రం సిద్ధమైందనుకున్నాం. మా అత్తమ్మ లోపలికి వెళ్లి దుప్పటి, చెంబు, రెండు చీరలు సంచిలో సర్దుకుని వచ్చింది.

“ఇదేంది అత్తమ్మా?”

“ఎన్ని దినాలు ఉంచుతరో,” అంది చెప్పులు వేసుకుంటూ.

ఆమెకు అనుభవం ఉంది. ముప్పై ఏళ్ల కింద తుపాకులు భుజాన వేసుకుని అడవిలోంచి వచ్చిన తొమ్మిది మంది ఆమెను బువ్వ అడిగారు. పెట్టింది. మామిడికాయ తొక్కు కూడా వేసింది. మా వైపు దళమంటే వాళ్లే. ఈ ఊళ్లలో ఆ మాటకు ఇంకో అర్థం ఎవరికీ తట్టదు, ఒక్క తెలుగు టీచరుకు తప్ప.

ఎస్సై ప్రణీత్ హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చాడు. మా స్కూల్లో పరీక్షల డ్యూటీకి మొదటిసారి వచ్చిన ఇన్విజిలేటరులా చిన్నగా, చక్కగా ఉన్నాడు. ముందు కాగితం, పక్కన పెన్ను పెట్టుకుని మొదలుపెట్టాడు.

“విశ్వసనీయ సమాచారం మేరకు నువ్వు దళంలో చేరబోతున్నావు. కరెక్టేనా?”

“అవును సార్!” అంది స్రవంతి మెరిసే కళ్లతో.

“ఏ దళం?”

“ఫైనల్ చెయ్యలే సార్. మూడు చూస్తున్న. దేని ప్లస్సులు దానికున్నయి.”

ఎస్సై పెన్ను ఆగింది. “మూడా? ఎవరు రమ్మన్నారు నిన్ను?”

“వాళ్లే ఉత్తరం రాసిండ్రు సార్. అన్ని ఖర్సులు వాళ్లయే.”

“శిక్షణలో ఏం నేర్పుతారు?”

“కోసుడు, కుట్టుడు సార్. మొదటి ఏడు శవాల మీదనే నేర్పుతరట.”

“కొమురయ్యా,” అన్నాడు ఎస్సై నెమ్మదిగా, “ఆ తలుపు దగ్గరికెయ్యి.”

అప్పుడు తెలిసింది నాకు, నేను చేసింది ఏమిటో. సంచిలోంచి విద్యాలయం వాళ్ల ఉత్తరం తీసి ఇచ్చాను. అతను మొదటి పేజీ చదివాడు. రెండో పేజీ చదివాడు. కుర్చీలో వెనక్కి వాలి, ముఖం మీద టోపీ పెట్టుకుని కాసేపు భుజాలు కదిలించాడు. టోపీ తీసేసరికి మళ్లీ ఎస్సై అయిపోయాడు.

“నాకర్థమైంది మేడం. కానీ ఫైలుకు అర్థం కాలేదు.”

“ఫైలేంది సార్?”

“మీ ధ్రువపత్రం వెరిఫికేషన్‌కు రాగానే జిల్లాకు పోయింది. జిల్లా వాళ్లు ఫైలు తెరిచి రిపోర్టు అడిగారు. రిపోర్టుకు మా దగ్గర రెండే నమూనాలున్నాయి. దళంలో ఉన్నవారికి ఒకటి, దళం నుంచి లొంగిపోయినవారికి ఒకటి.”

“అసలు సంబంధమే లేనివాళ్లకు?”

“సంబంధం లేనివాళ్ల మీద ఫైలు తెరవం కదా మేడం. తెరిచాం కాబట్టి ఉన్నట్టే.”

“మీరు చూసిండ్రు కదా సార్ ఉత్తరం!”

“నేను చూశాను. కానీ అటువైపు తహసీల్దారు గారి ముద్ర ఉంది. ఒక శాఖ ముద్ర వేసిన మాటను ఇంకో శాఖ కాదనకూడదు. ఆయన్నే దిద్దమనండి.”

మేం అక్కడినుంచి తిన్నగా మండలాఫీసుకు వెళ్లాం. పరాంకుశం గారు అంతా విని, కళ్లజోడు తుడుచుకున్నారు.

“నా ధ్రువపత్రమున అసత్యమేమున్నది? చేరుట సత్యము. దళము సత్యము. తేల్చుకొనకపోవుట సత్యము. సత్యమును దిద్దుటెట్లు?”

“ఏ దళమో రాయుండ్రి సార్, చాలు,” అన్నాను.

“తేల్చుకొనినదా మరి?”

నేను తిరిగి చూశాను. స్రవంతి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. స్టేషన్లో మెరిసిన కళ్లు ఇప్పుడు ఎర్రగా ఉన్నాయి.

“నౌకాదళం సార్,” అంది.

“ఎప్పుడు తేలిందే? మార్కులు సమానం వచ్చినయంటివి!” అన్నాను.

“వేసిన ప్రతిసారి దానికే ఎక్కువ రావాలని చూసిననే అమ్మా. రాలే. అయినా గదే కావాలె. నేను సముద్రం చూడలేదు కదా.”

రెండేళ్లు ఒకే గదిలో, ఒకే కిటికీ ముందు కూర్చుని చదివిన పిల్ల. ఆ కిటికీలోంచి కనపడేది పక్కింటి వాళ్ల నీళ్ల ట్యాంకు. నేను వెళ్లి దాని పక్కన నిలబడ్డాను. పరాంకుశం గారు కలం పక్కన పెట్టారు.

“కోరిక ఉచితమే. కానీ మన మండలమున నౌకలు లేవు. స్థానికముగా లేనిదానిని స్థానికముగా ధ్రువీకరించు అధికారము నాకు లేదు. పెద్ద చెరువున చేపలవారి తెప్ప ఒకటి కలదు. తెప్పకైనచో ఇప్పుడే వ్రాసి ఇచ్చెదను.”

“తెప్ప దళం ఉండది సార్.”

“అట్లయిన ఒక్కటే మార్గము. జారీ అయిన పత్రమున ఒక పదము మాత్రము చేర్చుటకు నిబంధన అనుమతించును. ఆ పదము మీరే సూచింపుడు. మీరు భాషా సలహాదారులు.”

ఒక్క పదం. సైన్యమని తెలియాలి, మూడింట్లో ఏదో ఒకటని తెలియాలి, తెలుగు పేపర్లో రోజూ కనపడేదై ఉండాలి. బాగా ఆలోచించాను. “త్రివిధ దళములలో” అని రాయమన్నాను. ఆయన రాశారు. మాట కుదిరినందుకు, ఆ పరిస్థితిలో కూడా, నాకు కాస్త సంతోషం వేసింది.

మర్నాడు ఎస్సై ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది.

“మేడం, నిన్నటిదాకా ఒక దళంతో సంబంధమని ఉండేది. ఇప్పుడు మూడు దళాలతో అని ముద్ర వేసి ఇచ్చారు. జిల్లాలో మీ అమ్మాయిని మూడింటికీ సమన్వయకర్త అనుకుంటున్నారు. దయచేసి ఇంకేం దిద్దించకండి.”

జూలై పద్నాలుగు అయింది. ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. ఆ సాయంత్రం ఎస్సై కొమురయ్యను వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. మంచం మీద కూర్చుని, చాలా మర్యాదగా చెప్పాడు: మా అమ్మాయి లొంగిపోతే సరిపోతుందట. లొంగిపోయిన రోజే ధ్రువపత్రం ఇచ్చేస్తారు. మనిషి శుభ్రంగా, ఏ మచ్చా లేకుండా బయటికి వస్తుంది. పైగా వాళ్ల స్టేషన్లో లొంగుబాటు రిజిస్టరులో పదకొండేళ్లుగా ప్రతినెలా ‘శూన్యం’ అని రాస్తున్నారు, రాసే కొమురయ్యకు కూడా విసుగొచ్చింది.

“చేరకుండనే ఎట్ల లొంగుతది సార్?” అన్నాడు మా ఆయన. “బండి స్టార్ట్ చెయ్యకుంటనే బ్రేకేసినట్టుంది.”

“నేను లొంగలేదా?” అంది మా అత్తమ్మ మూలనుంచి.

అందరం అటు చూశాం.

“బువ్వ పెట్టిన, గంతే. మూడు మాట్లు లొంగిపిచ్చిండ్రు. మొదటి మాటు బుగులైతది. రెండో మాటుకు అలవాటైతది. మూడో మాటు నేనే చెప్పిన, ఫొటోల అందరు ఇటు చూడుండ్రి అని.” స్రవంతి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. “ఏం కాదు బిడ్డా. తల దించకు. దించితే ఫొటో మంచిగ రాదు.”

ఎస్సై లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. “ఒక ఆయుధం తేవాలి మేడం. నమూనాలో గడి ఉంది. ఖాళీగా వదలకూడదు.”

“మా ఇంట్ల ఆయుధాలేముంటయి సార్?”

అతను వంటింట్లోకి చూశాడు.

నా పెళ్లికి మా అమ్మ పెట్టిన కత్తిపీట అది. టేకు పీట. పైన కొబ్బరి తురుముకునే పళ్లు కూడా ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో ఏ కూరైనా దాని మీంచే పొయ్యి మీదికి వెళ్లింది. కడిగి, బొట్టు పెట్టబోయి, మానేసి ఇచ్చాను. కొమురయ్య రిజిస్టరులో రాసి చదివి వినిపించాడు: “దేశవాళీ తయారీ ఆయుధము ఒకటి. పొడవు పద్దెనిమిది అంగుళములు. నేలపై కూర్చుండి ప్రయోగించునది. పైభాగమున పళ్లు కలవు.”

పదిహేడో తారీఖున కార్యక్రమం. స్టేషన్ ముందు షామియానా వేశారు. డీఎస్పీ గారు పువ్వులబొకేతో వచ్చారు. స్రవంతి ఇంటర్వ్యూ కోసం కుట్టించుకున్న లేతనీలం చుడీదార్ వేసుకుని, మోకాళ్ల మీద కత్తిపీట పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. మా అత్తమ్మ పక్కనే కూర్చుని దాని జడ సరిచేసింది.

“క్షణికావేశంలో దారి తప్పిన యువత ఆయుధం వీడి తిరిగి రావడం హర్షణీయం,” అన్నారు డీఎస్పీ గారు. “తల్లి ఉపాధ్యాయురాలై ఉండి కూడా బిడ్డ ఈ బాట పట్టిందంటే, ఇంట్లో భాష మీద శ్రద్ధ ఉంది గానీ నడవడి మీద లేదని అర్థమవుతున్నది.”

నేను తల ఊపాను. ఏం కాదనగలను?

ఆయన బొకే అందిస్తూ తండ్రిలా అడిగారు: “అమ్మా, ఇకముందు ఏం చేయదలిచావు?”

“దళంలో చేరుత సార్,” అంది స్రవంతి.

డీఎస్పీ గారి చేతిలోంచి బొకే అటూ పోలేదు, ఇటూ రాలేదు. ఎస్సైకి దగ్గు వచ్చింది. కొమురయ్య ఒక్కడే గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. సర్వీసు ముప్పై నాలుగేళ్లు ఊరికే చేయలేదు అతను. మిగతావాళ్లు కూడా కలిశారు, ఆ మాట చప్పట్లలో కొట్టుకుపోయింది.

ధ్రువపత్రం చేతికి వచ్చింది. అదీ తెలుగులోనే, వెనకవైపు కొమురయ్య రాసిన ఆయుధం వర్ణనతో సహా. “గుండేటి స్రవంతి తన ఆయుధమును అప్పగించి, జనజీవన స్రవంతిలో కలిసినది.” ఒకే మాట రెండు అర్థాల్లో. యమకం. పదో తరగతి పిల్లలకు ఉదాహరణగా చెప్పొచ్చనిపించింది. వెంటనే నా నోరు నేనే మూసుకున్నాను.

స్రవంతి ఆ రోజే గడిలో ‘నేవీ’ అని నింపింది. మా ఆయన డిపో నుంచి నేరుగా పట్నం వెళ్లి కవరు పంపివచ్చాడు. గడిలో నేవీ అని ఉంది, ధ్రువపత్రంలో తేల్చుకొనలేదని ఉంది. ఏది నమ్ముతారో తెలియదు. మూడు వారాలు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. తిందామన్నా కూరలు తరగడానికి నాకు చాకు అలవాటు లేదు.

ఆగస్టు పదిన జవాబు వచ్చింది. చదివి అర్థం చేసుకోవడానికి గంట పట్టింది. అభ్యర్థిని కోరికకూ స్థానిక ధ్రువపత్రానికీ పొంతన లేనందున విషయాన్ని కేటాయింపు కమిటీకి నివేదించారట. కమిటీ తెలుగు పత్రాలను తమ అనువాద విభాగానికి పంపిందట. అభ్యర్థిని జనసమూహం సమక్షంలో తన పేరే గల ఒక నదిలో కలిసినట్లు, అయినా క్షేమంగా ఉన్నట్లు పోలీసు శాఖ ధ్రువీకరించిందని అనువాద విభాగం తేల్చిందట. కాబట్టి ఈమెకు ఈత క్షుణ్ణంగా వచ్చినట్లు పరిగణించి నౌకాదళం కేటాయించడమైనది. పళ్లు గల పరికరాన్ని కూర్చుని ప్రయోగించగలదన్న కారణంగా దంతవైద్య విభాగం కూడా ఈమెను అడిగింది గానీ, కమిటీ ఒప్పుకోలేదు.

స్రవంతి ఆ కాగితాన్ని గుండెలకు అదుముకుని ఇల్లంతా తిరిగింది.

“నీకు ఈత యాడ వస్తదే?” అన్నాను.

“రాదు.”

“వస్తదని సర్కారు రాసిచ్చింది గదా,” అన్నాడు మా ఆయన. “ఇగ వస్తది.”

అది వెళ్లి రెండు నెలలైంది. లొంగిపోయినవాళ్లు ప్రతి ఆదివారం స్టేషన్లో సంతకం పెట్టాలి. స్రవంతి హాస్టల్లో ఉంది కాబట్టి కుటుంబంలో ఒకరు పెట్టొచ్చన్నారు. మా అత్తమ్మ పెడుతోంది. పాత అలవాటు, పైగా ఆమె వేలిముద్ర ఆ స్టేషన్లో అందరికంటే పాతది. నేను కూడా వెళతాను, కూరగాయల సంచితో. ఆయుధం స్టేషన్ దాటి బయటికి రాకూడదు గానీ, స్టేషన్ లోపల దాన్ని పనితీరు పరీక్షించుకోవచ్చని ఎస్సై నిబంధన వెతికి పెట్టాడు. వరండాలో కూర్చుని వారానికి సరిపడా బీరకాయలు, సొరకాయలు తరుక్కుని వస్తాను. పక్కన కొమురయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తాడు. ఇప్పుడు ప్రతినెలా ఆయన రిజిస్టరులో రాసేది ‘ఒకటి, నిలకడగా ఉన్నది’ అని.

మొన్న ఆదివారం అక్కడ ఉండగానే స్రవంతి ఫోన్ చేసింది. కొత్త పిల్లలందరినీ ఓడ ఎక్కించి సముద్రం చూపించారట.

“ఎట్లుందే?” అన్నాను.

“శానా పెద్దగుంది అమ్మా. అవుతలి ఒడ్డే లేదు.” కాసేపు గాలి చప్పుడు. “నాలుగు మాట్లు కక్కిన.”

“నిండిందా మరి?” అంది మా అత్తమ్మ ఫోన్లోకి వంగి.

“నిండలే నాయనమ్మా. ఇంక మస్తు జాగ ఉంది.” అది నవ్వుతోంది. రెండేళ్ల తర్వాత దాని నవ్వు విన్నాను.

కళ్లు తుడుచుకుంటున్నాను. ఉల్లిగడ్డలు కూడా అప్పుడే తరిగాను కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. గేటు దగ్గర జీపు ఆగింది. పరాంకుశం గారు చేతిలో కాగితంతో దిగారు. నన్ను వెతుక్కుంటూ ఇంటికి వెళ్లి, ఇక్కడున్నానని తెలిసి వచ్చారట. రెండో విడత పక్షోత్సవాలు మొదలయ్యాయి. మా ఊరి సర్కారు దవాఖానాకు కొత్త బోర్డు రాయించాలి.

“అమ్మా, శుభవార్త. మిమ్ములను తిరిగి సలహాదారుగా నియమించితిమి. ఇచ్చట ‘ఆపరేషన్’ అని ఉన్నది. పరభాషా పదము. దీనికి మన పదమేమి?”

ఎస్సై లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొమురయ్య చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. మా అత్తమ్మ మెల్లగా దుప్పటి సంచి దగ్గరికి జరుపుకుంది.

నేను బీరకాయ తీసి కత్తిపీట మీద పెట్టాను.

“నాకు తెలుగు రాదు సార్,” అన్నాను.